అంకె ముందు పుస్తకంలోకి

మన ఇళ్లల్లో షుగర్ మిషన్ కొత్త వస్తువేం కాదు. ఫ్రిజ్ మీద స్టీలు డబ్బాలోనో, టీవీ కింద సొరుగులోనో ఉంటుంది. నాన్నదో, అత్తగారిదో. స్ట్రిప్పులు కావాలంటే అమీర్‌పేట నుంచి మధురానగర్ దాకా ఏ మందుల షాపులో అడిగినా ఇస్తారు. అందుకే ఇంట్లో కుక్కకు షుగర్ ఉందని డాక్టర్ చెప్పిన సాయంత్రమే ఆ మిషన్ సొరుగులోంచి బయటికొస్తుంది. చెవి మీద ఒక పోటు, తెర మీద ఒక అంకె. అరగంటలో అయిపోయే పని. అసలు కష్టం అంకె వచ్చాక మొదలవుతుంది.

అంకె చూసి కంగారుపడేవాళ్లు రెండు రకాలు. 320 కనపడగానే ఇంకో రెండు యూనిట్లు ఎక్కించేవాళ్లు ఒక రకం. 70 కనపడగానే గిన్నెడు పాలల్లో పంచదార కలిపి ముందు పెట్టేవాళ్లు రెండో రకం. ఇద్దరిదీ ప్రేమే, కాదనను. కానీ ఇద్దరూ ఒక్క చుక్క చూసి రోజు మొత్తానికి తీర్పు చెప్పేశారు. ఈ అధ్యాయంలో నేను పట్టుబట్టి చెప్పేది ఒకటే మాట. అంకె ముందు పుస్తకంలోకి వెళ్లాలి. అక్కణ్ణుంచి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. సిరంజిలోకి రావడం ఆ తర్వాతే. దీనికి ఒక్క మినహాయింపు ఉంది, దాని సంగతి ముందు ముందు చెప్తాను.

కుక్కకి షుగరేంది?

"ఏం తినిపించినవ్‌రా దానికి? కుక్కకి షుగరేంది?" ఇంటికొచ్చిన పెద్దమ్మ మొదట అడిగేది ఇదే. మిఠాయిలు పెట్టడం వల్ల వచ్చింది కాదు పెద్దమ్మా అని చెప్పడానికి మీ దగ్గర నాలుగు ముక్కలు ఉండాలి. కుక్కల్లో ఎక్కువగా కనిపించేది, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు దెబ్బతినడం వల్ల వచ్చే రకం. మాత్రలతో నడవదు, ఇన్సులిన్ సూది తప్పదు. పిల్లులకు వచ్చేది మన పెద్దవాళ్లకు వచ్చే టైప్-2 లాంటిది. ఒళ్లు చేసి, ఇల్లు కదలకుండా పడుకునే మగపిల్లుల్లో ఎక్కువ. తొందరగా కనిపెట్టి, ఇన్సులిన్‌తో పాటు పిండిపదార్థం తక్కువ ఉన్న తిండి పెడితే, కొన్ని పిల్లులకు కొన్నాళ్లకు సూది అవసరమే లేకుండా పోతుంది. ఆపరేషన్ చేయించని ఆడకుక్కల కథ వేరు. ఎదకు వచ్చిపోయాక కొన్ని వారాల పాటు ప్రొజెస్టరాన్ ఎక్కువగా ఉండి ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదు. అలాంటి కుక్కకు షుగర్ అనగానే డాక్టర్ ముందు ఆపరేషన్ మాటెత్తేది అందుకే.

గుర్తులు మీకు తెలిసినవే. గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగడం, రాత్రి లేపి మరీ బయటికి తీసుకుపొమ్మనడం, ఎంత తిన్నా చిక్కిపోవడం. కుక్కకైతే కళ్లల్లో శుక్లాలు త్వరగా కమ్ముకుంటాయి. పిల్లయితే వెనక కాళ్ల వేళ్ల మీద కాకుండా మడమలు నేలకు ఆనించి నడవడం మొదలుపెడుతుంది. ఇంకో గుర్తు బాల్కనీ మూలలో ఉంటుంది: అది మూత్రం పోసిన చోట చీమలు బారులు కడతాయి. తీపి మూత్రానికి చీమలు పడతాయని మన ప్రాచీన వైద్యులు ఏనాడో రాసిపెట్టారు.

"మనుషులకే దిక్కులేదు, కుక్కకు ఇన్సులినా?" అని దెప్పేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకు ఈ సంగతి చెప్పండి. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే ఇద్దరు ఒక కుక్క క్లోమాన్ని తీసేశారు. దానికి షుగర్ వచ్చింది. జబ్బు మూలం క్లోమంలో ఉందని లోకానికి తెలిసింది అప్పుడే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమం నుంచి తీసిన రసంతో కుక్కల్ని బతికించారు. వాటిలో మార్జొరీ అనే కుక్క పేరు ఇప్పటికీ చరిత్రలో ఉంది. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి ఆ మందు ఎక్కించారు. అంటే మీ నాన్నగారు పొద్దున్నే వేసుకునే ఇన్సులిన్ కుక్కల దయ.

మిషన్‌కు తెలిసింది మనిషి రక్తం

నాన్నగారి మిషన్ కుక్కకు వాడొచ్చా? వాడుతున్నారు, చాలామందికి వేరే దారి కూడా లేదు. కాకపోతే అది ఎక్కడ తప్పుతుందో తెలిసి వాడాలి.

రక్తంలో గ్లూకోజ్ అంతా ఒక్కచోట ఉండదు. కొంత ప్లాస్మాలో, కొంత ఎర్రకణాల లోపల ఉంటుంది. మనిషిలో ఈ పంపకం సుమారు 58 పాళ్లు ప్లాస్మాకు, 42 పాళ్లు కణాలకు. కుక్కలో 88 పాళ్ల దాకా ప్లాస్మాలోనే ఉంటుంది, పిల్లిలో 93. మనుషుల కోసం చేసిన మిషన్ ఏ చుక్క తగిలినా మనిషి లెక్కే కడుతుంది. అందువల్ల కుక్క చుక్కకు, పిల్లి చుక్కకు చాలా మిషన్లు అసలు కన్నా తక్కువ చూపిస్తాయి. ఎంత తక్కువ అన్నది మిషన్‌ను బట్టి, జంతువును బట్టి, ఆ రోజు షుగర్ ఎంతుందన్న దాన్ని బట్టి మారుతుంది. కాబట్టి "వచ్చినదానికి 20 కలుపుకో, సరిపోతుంది" అని ఎవరు చెప్పినా చెవిన పెట్టకండి.

కుక్కలకు, పిల్లులకు విడిగా తయారైన మీటర్లు ఉన్నాయి. బాగా పేరున్నది ఆల్ఫాట్రాక్. అందులో కుక్కకు ఒక సెట్టింగు, పిల్లికి ఒక సెట్టింగు. ఇంట్లో రెండూ ఉంటే పిల్లి సెట్టింగులో కుక్కను చూడటం ఎంత సులువో చెప్పక్కర్లేదు, తెరను ఒకసారి చూసుకుని పొడవండి. వీధి చివర మందుల షాపులో ఇవి ఉండవు, స్ట్రిప్పుల ధర కూడా ఎక్కువే. కొనేముందు స్ట్రిప్పులు నెలనెలా దొరుకుతాయా అని డాక్టర్‌నే అడిగి కొనండి. స్ట్రిప్పులు దొరకని మీటరు సొరుగులో బరువు తప్ప మరెందుకూ పనికిరాదు.

రక్తహీనత ఉన్న జంతువులో లెక్క తిరగబడుతుంది. హైదరాబాద్‌లో కుక్కలకు పిడుదుల బెడద ఎంతో మీకు తెలుసు. టిక్ ఫీవర్ తగిలిన కుక్కకు ఎర్రకణాలు పడిపోతాయి. కణాలు తగ్గిన రక్తానికి చాలా మిషన్లు అసలు కన్నా ఎక్కువ చూపిస్తాయి. అంటే షుగర్ నిజంగా 55కి పడిపోయినా తెర మీద 80 రావచ్చు, మీరు హమ్మయ్య అనుకోవచ్చు. ఒళ్లు నీరు కోల్పోయిన జంతువులో దీనికి ఉల్టా, అంకె ఇంకా తక్కువ వస్తుంది. మనిషి రక్తానికైనా ఈ మిషన్లు తూచినట్టు చెప్పవు. ఐఎస్‌ఓ 2013 ప్రమాణం ప్రకారం 100కు పైన 15 శాతం అటూ ఇటూ తేడాను ఒప్పుకుంటారు. అసలు 200 అయితే తెర మీద 170 వచ్చినా 230 వచ్చినా మిషన్ తప్పు చేసినట్టు కాదు. వెంట వెంటనే రెండుసార్లు పొడిచి, రెండు వేర్వేరు అంకెలు వచ్చాయని మిషన్‌ను తిట్టేవాళ్లకు ఈ మాట చెప్తున్నాను.

మరి మీ మిషన్ మీ కుక్క విషయంలో ఎంత తప్పుతోందో తెలిసేదెలా? దారి ఉంది. ఆస్పత్రిలో ల్యాబ్ కోసం నరం నుంచి రక్తం తీసినప్పుడు, మీ మిషన్ వెంట తీసుకెళ్లి అదే నిమిషంలో చుక్క తీసి చూడండి. ల్యాబ్ రిపోర్టు వచ్చాక రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. ఒకటికి నాలుగుసార్లు ఇలా చేస్తే మీ మిషన్ నడత మీకూ డాక్టర్‌కూ అర్థమవుతుంది. ఇక్కడో చిన్న మెలిక. సీసాలో పోసిన రక్తంలో కణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలో గంటకు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ల్యాబ్ కుర్రాడి బండి ఇరుక్కుంటే మీ కుక్క షుగర్ కూడా దారిలో పడిపోతుందన్నమాట. ఫ్లోరైడ్ కలిసిన బూడిదరంగు మూత ట్యూబులో పోస్తున్నారా అని అడగడానికి మొహమాటపడకండి.

స్ట్రిప్పుల డబ్బా మూత గట్టిగా పెట్టండి, గాలిలో తేమ తగిలితే పాడవుతాయి. చాలా కంపెనీలు 30 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాస్తాయి. మే నెలలో బండి డిక్కీలో ఉంచితే అవి ఎందుకు పనికొస్తాయో మీరే చెప్పండి. అలాగని ఫ్రిజ్‌లోనూ పెట్టొద్దు. ఫ్రిజ్ ఇన్సులిన్‌కు.

నాన్నగారి మిషన్‌నే వాడేటట్టయితే, సూదులు మాత్రం కలవకూడదు. కుక్కకు వాడిన లాన్సెట్‌ కుక్కకే, అదీ ఒక్కసారికే. ఇంకో ఇబ్బంది మిషన్ జ్ఞాపకంలో ఉంటుంది. నాన్నగారి డాక్టర్ బటన్ నొక్కి పాత అంకెలు తిప్పి చూస్తూ 412 దగ్గర ఆగి, "ఏం తిన్నారండీ ఆ రోజు?" అని గద్దిస్తే, పాపం పెద్దాయన ఏం చెప్తాడు? వీలైతే మిషన్ వేరే కొనండి. మిషన్ ధర పెద్ద లెక్క కాదు, ఖర్చంతా స్ట్రిప్పులదే.

పొడిచే ముందు వారం

జంతువుకు సూది భయం తక్కువ. మీ చేతి వణుకంటేనే దానికి భయం. అందుకని మొదటి వారం సూది ముట్టుకోకండి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, అదే చాప మీద కూర్చోబెట్టి, చెవి పట్టుకుని వేళ్లతో మెల్లగా రుద్ది, మిషన్ పక్కన పెట్టి, ఉడికించిన చికెన్ ముక్కో చిన్న పనీర్ ముక్కో ఇచ్చి వదిలేయండి. వారం తిరిగేసరికి మీరు చాప పరిస్తే అదే వచ్చి కూర్చుంటుంది. ఈ వారం వృథా అనుకునేవాళ్లే తర్వాత మంచం కింద దూరిన పిల్లిని కాళ్లు పట్టి లాగుతుంటారు. దాక్కున్న పిల్లిని ఎప్పుడూ లాగి పొడవొద్దు. ఆ పూట లెక్క పోతే పోయింది.

పొడిచే రోజు ఇలా చేయండి. చెవి చల్లగా ఉంటే రక్తం రాదు. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన బట్టను ప్లాస్టిక్ కవర్లో పెట్టి అర నిమిషం చెవికి ఆనించండి, చెవి పొడిగానే ఉండి వేడెక్కుతుంది. స్పిరిట్ తుడవొద్దు. అది మండుతుంది, తడి ఆరకపోతే అంకె కూడా చెడుతుంది. చెవిని వెలుతురుకు పట్టి చూడండి. అంచు వెంబడి సన్నని నరం ఒకటి పారుతూ కనిపిస్తుంది. పొడవాల్సింది ఆ నరాన్ని కాదు, నరానికీ అంచుకూ మధ్య ఉన్న సందులో. అక్కడ రవ్వంత వాజిలిన్ రాస్తే చుక్క వెంట్రుకల్లోకి పాకిపోకుండా గుండ్రంగా నిలబడుతుంది. చెవి వెనక దూది మడత పెట్టండి, లేకపోతే సూది చెవిని దాటి మీ వేలికి దిగుతుంది. లాన్సెట్ పెన్ను చేసే టక్ మనే చప్పుడుకు పిల్లులు బెదురుతాయి. అలాంటప్పుడు పెన్ను పక్కన పెట్టి సూదిని చేత్తోనే పట్టుకుని పొడవడం నేర్చుకోండి. స్ట్రిప్పు ముందే మిషన్‌లో ఉండాలి. చుక్కకు స్ట్రిప్పు అంచు తాకిస్తే అదే పీల్చుకుంటుంది. మీద పూయొద్దు, రుద్దొద్దు. తర్వాత దూదితో కాసేపు అదిమి పట్టి ఉంచండి, కమిలిపోకుండా ఉంటుంది. ముక్క పెట్టండి. అంకె ఎంత వచ్చినా ముక్క పెట్టండి, మార్కులు వేసేది దానికి కాదు.

చెవి పట్టనివ్వని కుక్కకు పై పెదవి లోపలి వైపు, పిల్లికి ముందరి కాలి వెనక పక్కన ఉండే చిన్న మెత్త పనికొస్తాయి. ఏది మంచిదో మొదటిసారి డాక్టర్ చేతే చేయించి చూడండి. రోజూ ఒకే చెవిని పొడవకండి.

వాడిన సూదులు ఖాళీ ఫినైల్ సీసా లాంటి గట్టి డబ్బాలో వేసి, మూత బిగించి ఆస్పత్రిలో ఇవ్వండి. చెత్త కవర్లో వేస్తే పొద్దున్నే స్వచ్ఛ ఆటోలో చెత్త వేరుచేసే అక్క చేతికి దిగుతాయి.

ఆటోలో పెరిగే షుగర్

ఇంట్లోనే ఎందుకు చూడాలి, ఆస్పత్రిలో చూస్తారు కదా అనే ప్రశ్నకు జవాబు పిల్లి దగ్గర ఉంది. మధురానగర్‌లో మెట్రో స్టేషన్ గుమ్మం ముందే ఉన్నా పిల్లిని ఎక్కనివ్వరు. బుట్టలో పెట్టి ఆటో ఎక్కిస్తారు. అమీర్‌పేట చౌరస్తాలో హారన్లు, ఆస్పత్రి వరండాలో కుక్కల మొరుగుళ్లు, తెల్లకోటు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి షుగర్ మామూలుగా 75 నుంచి 150 మధ్య ఉంటుంది. భయపడిన పిల్లికి జబ్బేమీ లేకుండానే 300 దాటగలదు. ఆ అంకె చూసి మందు పెంచితే ఇంటికొచ్చి భయం దిగాక ఏమవుతుంది? అందుకే మంచి డాక్టర్లు ఆ ఒక్క అంకెతో ఆగరు. గత రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోజమిన్ పరీక్ష రాస్తారు, ఇంట్లో తీసిన లెక్కలు తెమ్మంటారు. దీపావళి రాత్రి బాంబుల మధ్య తీసిన అంకెకు కూడా ఇదే గతి. రాయండి, పక్కన "టపాకాయలు" అని కూడా రాయండి.

కుక్కలు ఇంతగా బెదరవు. వాటి మామూలు లెక్క 75 నుంచి 120. 180, 220 మధ్యలో ఎక్కడో మూత్రంలోకి గ్లూకోజ్ దిగడం మొదలవుతుంది, పిల్లుల్లో ఆ గీత 250 దాటాకే. ఇన్సులిన్ మీద ఉన్న జంతువుకు రోజంతా 100 ఉండాలని డాక్టర్లు కోరుకోరు. దాహం తగ్గి, బరువు నిలబడి, షుగర్ కింద పడకుండా ఉంటే అదే విజయం. నాన్నగారి చార్టు పక్కన పెట్టి పోల్చకండి.

ఆదివారం పట్టిక

ఇన్సులిన్ మొదలుపెట్టాక, లేదా మోతాదు మార్చి వారం గడిచాక, డాక్టర్ ఒక రోజంతా షుగర్ చూడమంటారు. పొద్దున ఏడింటికి తిండికి, సూదికి ముందు ఒకసారి, తర్వాత రెండు గంటలకోసారి సాయంత్రం ఏడింటి దాకా. ఆదివారమే కుదురుతుంది. ఈ పట్టికలో మూడు సంగతులు బయటపడతాయి: మందు పనిచేస్తోందా, అన్నిటికన్నా కిందికి ఎంత దాకా దించింది, ఆ ప్రభావం ఎన్ని గంటలు నిలిచింది. అట్టడుగు అంకె 80కి, 150కి మధ్య ఉంటే చాలామంది డాక్టర్లు తృప్తిపడతారు.

పొద్దున వచ్చిన 320 చూసి మోతాదు పెంచొద్దని మొదట్లో అన్నాను కదా, కారణం ఈ పట్టికలోనే దొరుకుతుంది. మందు ఎక్కువై షుగర్ బాగా కింద పడినప్పుడు ఒళ్లు తనను తాను కాపాడుకోవడానికి కాలేయంలో దాచిన గ్లూకోజ్‌ను బయటికి తోస్తుంది. కింద పడ్డది మీరు చూడరు, ఆ టైముకు ఆఫీసులో ఉంటారు. తర్వాత పైకి ఎగబాకినదే చూస్తారు. ఆ 320కి కారణం మందు ఎక్కువ కావడం. మీరు ఇంకో రెండు యూనిట్లు పెంచుతారు. మరుసటి మధ్యాహ్నం అది ఫిట్స్‌తో పడిపోయి ఉంటుంది. ఒంటరి అంకెకు ముందేం జరిగిందో తెలియదు, పట్టికకు తెలుసు.

పుస్తకం ఎలా ఉండాలి? పిల్లలు స్కూల్లో వాడే గీతల నోటుబుక్కు చాలు. తారీకు, టైము, అంకె, తిన్నదెంత, వేసిన యూనిట్లు, నీళ్లు ఎక్కువ తాగిందా, ఇంకేమైనా విశేషం. ఫోన్‌లో రాసుకోవచ్చు, కానీ వంటగదిలో మేకుకు వేలాడే నోటుబుక్కును ఇంట్లో నలుగురూ చూస్తారు. పొద్దున సూది మీరు వేసి వెళ్లాక, "వేశారో లేదో" అని అమ్మ ఇంకోసారి వేయకుండా ఉండాలన్నా అదే దిక్కు.

ఇక ఎవరూ ఒప్పుకోని విషయం ఒకటి. మనం అంకెల్ని దిద్దుతాం. పరీక్ష పేపరు పట్టుకుని నాన్న ముందు నిలబడ్డ పిల్లల్లా డాక్టర్ ముందు నిలబడతాం. సాయంత్రం చూడటం మర్చిపోయిన గడిలో "190" అని ఊహించి రాస్తాం, బిస్కెట్ తిన్న సంగతి వదిలేస్తాం. ఖాళీ గడి వల్ల నష్టం లేదు. దొంగ 190 వల్ల ఉంది, డాక్టర్ దాన్ని నమ్మి మోతాదు నిర్ణయిస్తారు. చూడకపోతే "చూడలేదు" అని రాయండి.

బిస్కెట్ అన్నాను కాబట్టి అదీ తేల్చుకుందాం. కృష్ణకాంత్ పార్కు వైపు నడకకు తీసుకెళ్తే టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు పార్లే-జి వేస్తారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తాత తన చాయ్‌లో ముంచిన ముక్క పెడతాడు, ప్రేమగానే. మీ ఆదివారం పట్టిక అక్కడ చెడిపోతుంది. కసురుకోకండి. "తాతా, దీనికి మీలాగే షుగరు, ఇదిగో ఈ ముక్క పెట్టు" అని ఆయన చేతికే చికెన్ ముక్క ఇవ్వండి. మర్నాటి నుంచి బిస్కెట్ పెట్టేవాళ్లను ఆయనే అదిలిస్తాడు.

చర్మానికి అతికించే సెన్సర్లు కూడా వచ్చాయి. మనుషుల కోసం చేసిన ఫ్రీస్టైల్ లిబ్రేని పశువైద్యులు వెంట్రుకలు గొరిగి అతికిస్తున్నారు. 14 రోజుల దాకా పోటు లేకుండా అంకెలిస్తుంది. పిల్లులు ముందే పీకేసుకోవడమూ మామూలే. అది చూసేది చర్మం కింది ద్రవాన్ని, రక్తాన్ని కాదు. అందువల్ల షుగర్ జోరుగా మారేటప్పుడు కాస్త వెనకబడుతుంది. తక్కువ చూపించి, జంతువు మామూలుగానే ఉంటే, చెవి చుక్కతో సరిచూసుకోండి.

సిరంజి మూత రంగు

మిషన్ గురించిన అధ్యాయంలో సిరంజి ఎందుకంటే, ఇంట్లో జరిగే పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది కాబట్టి. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా రెండు గాఢతల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. సిరంజీలూ రెండు రకాలు. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత. పిల్లులకు ఎక్కువగా రాసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 100 రకం. ఇంట్లో నాన్నగారి ఎర్ర మూత సిరంజీ ఉంది కదా అని దాంతో నాలుగు గీతల దాకా లాగితే, లోపలికి వెళ్లేది నాలుగు యూనిట్లు కాదు, పది. నాలుగు కిలోల పిల్లికి అది ప్రాణం మీదికి తెచ్చే మోతాదు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడండి. షాపులో "ఇది లేదు, ఇదీ అంతే" అని వేరేది ఇస్తే తీసుకోకండి.

పుస్తకం పక్కన పెట్టాల్సిన ఒకే ఒక్క సందర్భం

మొదట్లో చెప్పిన మినహాయింపు ఇదే. అంకె 60 కంటే కింద ఉన్నా, అంకె ఎంత ఉన్నా సరే జంతువు తూలుతున్నా, వణుకుతున్నా, పిలిస్తే పలకకుండా శూన్యంలోకి చూస్తున్నా, ఫిట్స్ వచ్చినా రాసుకుంటూ కూర్చోకండి. తినగలిగే స్థితిలో ఉంటే వెంటనే తిండి పెట్టండి. తినలేకపోతే తేనెనో చిక్కటి గ్లూకోజ్ నీళ్లనో వేలికి రాసుకుని చిగుళ్లకు రుద్దండి. స్పృహ లేని జంతువు నోట్లో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్‌లో ఉంటే పళ్ల మధ్య వేలు పెట్టకండి, పెదవి లోపల రాయండి. పంచదారకు బదులు వాడే జైలిటాల్ ఉన్న పదార్థమేదీ కుక్కకు తగలనివ్వకండి, అది దాని షుగర్‌ను ఇంకా కిందికి తోసేస్తుంది. తిండి పెడుతూనో తేనె రాస్తూనో డాక్టర్‌కు ఫోన్ చేయించండి, తేరుకున్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందు ప్రభావం ఇంకా గంటల పాటు ఉంటుంది. మనిషి మిషన్ తక్కువ చూపిస్తుంది కదా, 50 అంటే 75 అయ్యుంటుందిలే అని ఇక్కడ లెక్కలు వేయకండి. కాస్త ఎక్కువైన షుగర్‌తో జంతువు రేపటి దాకా ఉంటుంది, తక్కువైన దాంతో ఉండకపోవచ్చు.

సూది వేసే వేళకు తినకపోయినా, వాంతి చేసుకున్నా, మామూలు మోతాదు వేసేయకుండా ముందు ఫోన్ చేయండి. పిల్లి విషయంలో ఇంకొంచెం మెలకువ కావాలి. దానికి ఇన్సులిన్ అవసరం తగ్గిపోతూ ఉండొచ్చు, ఆ సంగతి మొదట తెలిసేది మీ నోటుబుక్కుకే.

నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల అయినా, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి అయినా, మీ సందులోని క్లినిక్ అయినా, ఈసారి వెళ్లినప్పుడు నోటుబుక్కు మొదటి పేజీ తెరిచి డాక్టర్ ముందు పెట్టండి. ఎంత కంటే తక్కువ ఉంటే సూది వేయొద్దు, ఎంత ఉంటే సగం వేయాలి, ఎంత ఉంటే అర్ధరాత్రయినా ఫోన్ చేయాలి అని అడిగి, మీ జంతువుకు, మీ మిషన్‌కు సరిపోయే ఆ మూడు అంకెలు ఆయన చేతే రాయించుకోండి. కింద రాత్రిపూట తెరిచి ఉండే ఆస్పత్రి నంబరు రాసి, తేనె సీసా ఆ నోటుబుక్కు పక్కనే పెట్టండి.